బాత్రూమ్‌లో రెండు టెస్టులు, రెండు జవాబులు

ప్రశ్న: అక్కా, నాకు 33, మా ఆవిడకి 31. మాది ఒంగోలు దగ్గర పల్లె, ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. పెళ్లయి నాలుగేళ్లు, పిల్లల కోసం చూస్తున్నది ఏడాది పైనే. తనకి థైరాయిడ్, ఏఎంహెచ్ (అండాల నిల్వ చూసే రక్తపరీక్ష), ట్యూబ్ టెస్ట్ అన్నీ అయ్యాయి, నాలుగు నెలలుగా అండం పెరుగుదల చూసే ఫాలిక్యులర్ స్కాన్లకి తిరుగుతోంది, అన్నీ బాగానే ఉన్నాయంటున్నారు. నన్ను సెమెన్ అనాలిసిస్, అంటే వీర్యపరీక్ష, చేయించుకోమని డాక్టరమ్మ రాసిచ్చి ఐదు నెలలైంది. ల్యాబ్‌లో ఆ గదిలోకి వెళ్లి శాంపిల్ ఇవ్వడం నావల్ల కాలేదు, గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చేశాను. అమెరికా నుంచి వస్తున్న కజిన్ చేత ఫోన్‌కి తగిలించుకునే హోమ్ కిట్ తెప్పించుకున్నా. మొదటిసారి మిల్లీలీటర్‌కి 4 మిలియన్ల వీర్యకణాలు కదులుతున్నాయి, తక్కువ అని చూపించింది. ముందు రోజే మేం కలిశాం. ఐదు రోజులాగి మళ్లీ చేస్తే 11 మిలియన్లు, నార్మల్ అంది. ఏది నమ్మాలి? నార్మల్ వచ్చింది కాబట్టి ల్యాబ్ వదిలేయొచ్చా? మొదటి టెస్టుకి మూడు వారాల ముందు వైరల్ ఫీవర్ వచ్చి తగ్గింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకి కూడా.

జవాబు: తమ్ముడూ, అక్కా అన్నావు కాబట్టి చనువుగా నువ్వనే అంటాను. రెండూ నమ్ము, కానీ రెండిట్లో దేన్ని పట్టుకునీ ఏ నిర్ణయమూ తీసుకోకు. ల్యాబ్ వదిలేయడం మాత్రం కుదరదు. నార్మల్ అనే మాట చూసి ఆ రాత్రి హాయిగా నిద్రపోయి ఉంటావు, పోనీలే, కానీ ఆ మాటకి నువ్వనుకుంటున్నంత అర్థం లేదు.

నేను డాక్టర్‌ని కాదు. జయనగర్ వైపు ఒక ల్యాబ్‌లో పదకొండేళ్లు మైక్రోస్కోప్ ముందు కూర్చుని ఇవే శాంపిళ్లు లెక్కపెట్టాను, ఆ అనుభవంతో చెప్తున్నాను. గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయినవాళ్లలో నువ్వు మొదటివాడివీ కాదు, చివరివాడివీ కాదు. మా దగ్గర ఒక కుర్రాడు ఉండేవాడు, పాపం మంచివాడే, వెయిటింగ్ హాల్లో పది మంది ఉండగా "సెమెన్ కొడోరు యారు సర్?" అని, అంటే సెమెన్ ఇచ్చేవాళ్లెవరు సార్ అని, కన్నడంలో గట్టిగా అరిచేవాడు. ఆ అరుపుకి లేచి లిఫ్ట్ వైపు నడిచినవాళ్లని నా కళ్లతో చూశాను. వాడికి చెప్పి చెప్పి చివరికి టోకెన్ నంబర్లు పెట్టించాం. కాబట్టి నీ సిగ్గుని నేను వెక్కిరించను. ఆ సిగ్గు ఖరీదు మీ ఆవిడ కట్టిందే, అది మాత్రం నాకు నచ్చలేదు. దాని గురించి తర్వాత చెప్తాను.

ముందు నీ ఫోన్ ఏం లెక్కపెట్టిందో చూద్దాం. ఇలాంటి కిట్లు చాలావరకు చేసేది ఒక్కటే పని: స్లయిడ్ మీద బొట్టుని చిన్న లెన్స్‌తో పెద్దది చేసి, కొన్ని సెకన్ల వీడియో తీసి, అందులో కదులుతున్న కణాలెన్నో లెక్కేస్తాయి. కొన్ని కిట్లలో నార్మల్‌నీ తక్కువనీ విడదీసే గీత 6 మిలియన్ల దగ్గర, అంటే మిల్లీలీటర్‌కి 60 లక్షల దగ్గర ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 పుస్తకంలో కౌంట్‌కి కింది హద్దు మిల్లీలీటర్‌కి 15 మిలియన్లు, కదలికకి 40 శాతం. పదిహేనులో నలభై శాతం ఆరు, అంతే, పెద్ద రహస్యమేం లేదు. 2021లో ఆ హద్దుల్ని కొంచెం మార్చారు: 16 మిలియన్లు, 42 శాతం. నీ నాలుగు గీత కింద పడింది, పదకొండు పైన పడింది, యాప్ ఒకసారి ఎర్ర రంగు, ఒకసారి పచ్చ రంగు చూపించింది.

అసలు ఈ హద్దులు ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే నీ టెన్షన్ సగం తగ్గుతుంది, నీ ధీమా కూడా సగం తగ్గుతుంది. ఏడాదిలోపు భార్యకి గర్భం వచ్చిన మగవాళ్లని, అంటే నిజంగా తండ్రులైనవాళ్లని తీసుకుని, వాళ్ల అంకెలన్నీ వరసలో పెట్టి, అడుగు నుంచి నూటికి ఐదో మనిషి దగ్గర గీత గీశారు. అంటే తండ్రులైనవాళ్లలోనే నూటికి ఐదుగురు ఆ గీతకి కింద ఉన్నారు. కింద పడితే పిల్లలు పుట్టరని కాదు, పైన ఉంటే పుడతారనీ కాదు. ఇంటర్ పరీక్షలో ముప్పై ఐదు మార్కుల్లా దాన్ని చూడకు.

ఇక నాలుగు పదకొండు ఎందుకైంది? మొదటి కారణం నువ్వే రాశావు. ముందు రోజు కలిసి మర్నాడు టెస్ట్ చేశావు. శాంపిల్‌కి ముందు కనీసం రెండు రోజులు, ఎక్కువలో ఎక్కువ ఏడు రోజులు ఆగాలి, ల్యాబ్‌లో అందరికీ మొదట చెప్పేది ఇదే. ఒక్క రోజు గ్యాప్‌లో ద్రవమూ తగ్గుతుంది, కణాలూ తగ్గుతాయి. రెండోసారి ఐదు రోజులాగావు, పెరిగింది. అంకె మారడం వింత కాదు, మారకపోతేనే నేను ఆశ్చర్యపోయేదాన్ని. ఒకే మనిషికి వారం వారం అంకెలు రెట్టింపవడం, సగమవడం మేం రోజూ చూసేదే, అందుకే తేడాగా వచ్చిన ఒక్క రిపోర్ట్ మీద ఎవరికీ ఏ ముద్రా వేయకుండా కొన్ని వారాలాగి మళ్లీ చూస్తారు.

రెండోది లెక్కపెట్టే పద్ధతి. ల్యాబ్‌లో ఒక శాంపిల్‌కి రెండుసార్లు, ఒక్కోసారి కనీసం రెండొందల కణాలు లెక్కపెట్టాలని నియమం. చిన్న కిటికీలోంచి కొద్దిపాటి కణాలే చూస్తే అదృష్టమే ఎక్కువ మాట్లాడుతుంది. పైగా ఆ ద్రవం అంతటా ఒకేలా ఉండదు. మొదట వచ్చే బొట్లలోనే కణాలు ఎక్కువ, చివరికి పలచబడతాయి, అందుకే బాగా కలపకుండా పైపైన ఒక బొట్టు తీస్తే అంకె ఎటైనా పోవచ్చు. మొదటి బొట్లు కప్పులో పడకుండా పక్కకి పోయాయా, అయితే ఆ టెస్ట్ పనికిరాదు. వచ్చిన వెంటనే అది చిక్కగా జిగురులా ఉంటుంది, పలచబడటానికి సుమారు అరగంట, ఒక్కోసారి గంట పడుతుంది. ఆగకుండా స్లయిడ్ మీద వేస్తే కణాలు బురదలో చిక్కుకున్నట్టు కదలవు, ఫోన్ వాటిని చచ్చినవాటి కింద జమేస్తుంది.

నీ ఫోన్‌లో ఆ వీడియో ఉంటే ఇంకోసారి చూడు. నిజంగా ఈదేవి తలా ఒక దిక్కుకి పోతుంటాయి, ఒకటి నేరుగా దూసుకుపోతుంది, ఒకటి ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది, ఇంకొకటి కదల్లేక తోక మాత్రం ఆడిస్తుంది. అలా కాక అన్నీ కట్టగట్టుకుని ఒకే వైపు జారుతుంటే అది ఈత కాదు, స్లయిడ్ కింద ద్రవం పారుతోంది. ఓ పక్క నల్లటి అంచుతో గుండ్రంగా మెరిసేది గాలిబుడగ. కొత్తగా చేరిన అమ్మాయిలకి నేను మొదటి వారం నేర్పించేది ఇదే, పారుదలకీ ఈతకీ తేడా.

అలాగని ఇవి బొమ్మలనుకోకు. 2017లో హార్వర్డ్‌కి చెందిన బ్రిగమ్ ఆసుపత్రిలో హాడీ షఫీ బృందం ఫోన్‌కి తగిలించే ఇలాంటి పరికరమే తయారు చేసి 350 శాంపిళ్ల మీద చూస్తే సుమారు 98 శాతం సరిగ్గా చెప్పింది, సామాన్ల ఖర్చు ఐదు డాలర్ల లోపే. జపాన్‌లో ఒక చిన్న గాజుపూస లెన్స్‌నే ఫోన్ కెమెరాకి పెట్టి ఇదే పని చేశారు. ఆ గాజుపూస కథ వింటే నవ్వొస్తుంది. 1677లో డచ్ దేశంలో లేవెన్‌హుక్ అనే బట్టల వ్యాపారి వీర్యకణాల్ని చూసి మొట్టమొదట వర్ణించింది కూడా ఇంచుమించు అలాంటి ఒంటి లెన్స్‌తోనే. నువ్వు మారతహళ్లి బాత్రూమ్‌లో తలుపు గడియ పెట్టుకుని చేసిన పని ఆయన మూడున్నర శతాబ్దాల కిందటే చేశాడన్నమాట. కాకపోతే నువ్వు ఇంట్లో మనిషికి కూడా చెప్పలేదు, ఆయన ఏకంగా లండన్‌లో శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీకే ఉత్తరం రాశాడు.

అంటే పరికరం తప్పు కాదు, దానికి కనపడనివి చాలా ఉన్నాయి. మొత్తం ఎంత వచ్చిందన్నది చాలా కిట్లు పట్టించుకోవు. ఒకతనికి మిల్లీలీటర్‌కి 4 మిలియన్లే, కానీ వచ్చింది 3 మిల్లీలీటర్లు, మొత్తం 12 మిలియన్లు. ఇంకొకతనికి 11 మిలియన్లు, వచ్చింది ఒక్క మిల్లీలీటరే, మొత్తం 11. యాప్ మొదటివాడిని భయపెడుతుంది, రెండోవాడి భుజం తడుతుంది, నిజానికి ఇద్దరిదీ ఒకటే పరిస్థితి. ల్యాబ్‌లో వాల్యూమ్ కొలుస్తారు (1.4 మిల్లీలీటర్లు కింది హద్దు), మొత్తం కౌంట్ చూస్తారు (39 మిలియన్లు), ముందుకి ఈదేవి ఎన్ని, ఉన్నచోటే కొట్టుకునేవి ఎన్ని అని విడదీస్తారు, ఆకారం చూస్తారు, ఇన్ఫెక్షన్ సూచించే తెల్లకణాలు చూస్తారు. ఆకారం దగ్గర నాలుగు శాతమే నార్మల్ అని రిపోర్ట్‌లో వస్తే కంగారుపడి నాకు మళ్లీ ఉత్తరం రాయకు, కింది హద్దే నాలుగు. నూటికి తొంభై ఆరు వంకరగా ఉన్నా సరిపెట్టుకునే వ్యవహారం అది, మన వీధుల్లాగే.

ఇప్పుడు జ్వరం సంగతి. జ్వరం కారణం కావచ్చు, అవును. ఒక కణం తయారవడానికి రెండున్నర నెలలు, సుమారు 74 రోజులు పడుతుంది, ఆ తర్వాత బయటికి వచ్చే దారిలో మరో వారం రెండు వారాలు. వృషణాలు ఒంటి వేడి కంటే రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండాలనే దేవుడు వాటిని బయట పెట్టాడు, గట్టి జ్వరం వస్తే ఆ లెక్క తప్పుతుంది, దాని దెబ్బ తర్వాతి రెండు మూడు నెలల శాంపిళ్లలో కనిపిస్తుంది. కాబట్టి ఇప్పుడొక ల్యాబ్ టెస్ట్ చేయించు, జ్వరం వచ్చిన తేదీ వాళ్లకి చెప్పు, తేడాగా వస్తే జ్వరం తగ్గి మూడు నెలలు దాటాక ఇంకొకటి చేయించు. జ్వరం ఉంది కదా అని మొదటిదే మూడు నెలలు వాయిదా వేయకు. నీ వాయిదాలు ఇప్పటికే ఐదు నెలలు.

ఆ మూడు నెలల లెక్కే అలవాట్లకీ వర్తిస్తుంది. సిగరెట్, గుట్కా ఉంటే ఈరోజే మానెయ్, దసరాకి మానితే ఫలితం దీపావళికి కాదు, సంక్రాంతికి కనిపిస్తుందనుకో. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని గంటలు గంటలు కాల్స్‌లో కూర్చోకు, బల్ల మీద పెట్టుకో. జిమ్‌కి వెళ్తావా? రాయలేదు కానీ అడుగుతున్నా, ఎందుకంటే అక్కడ కండలకని ట్రైనర్ ఇచ్చే టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ ఉందే, అది పైనుంచి వచ్చేసరికి మెదడు ఇక లోపల తయారు చేయనక్కర్లేదనుకుని సంకేతాలు ఆపేస్తుంది, కణాల ఉత్పత్తి పడిపోతుంది, ఒక్కోసారి సున్నాకి. బయటికి మగతనం పెరిగినట్టు కనపడుతుంది, స్లయిడ్ మీద ఒక్కటీ ఉండదు. ఇరవై ఎనిమిదేళ్ల కుర్రాడి స్లయిడ్ అలా ఖాళీగా చూసి నేనే శాంపిల్ మారిందేమో అని మళ్లీ తీసి చూసిన రోజు గుర్తుంది. మానేశాక చాలామందికి తిరిగొస్తుంది, నెలలు పడుతుంది, డాక్టర్ చెప్పినట్టు చేయాలి. జుట్టు రాలుతోందని ఫినాస్టెరైడ్ వేసుకుంటుంటే అదీ డాక్టర్‌కి చెప్పు.

ఇన్‌స్టాలో కనిపించే కౌంట్ పెంచే పొడులకి డబ్బు తగలేయకు. అమెరికాలో 2,370 జంటల మీద జింక్, ఫోలిక్ యాసిడ్ ఆరు నెలలు వాడించి చూశారు, 2020లో ఫలితాలు వచ్చాయి, పిల్లలు పుట్టడంలో ఏ తేడా లేదు, కొందరికి కడుపులో ఇబ్బంది మాత్రం ఎక్కువైంది.

సరే, ల్యాబ్ ఎలా? నీకు ఆ గది భయం కాబట్టి ముందే ఫోన్ చేసి ఇంటి దగ్గర తీసి తెచ్చివ్వొచ్చా అని అడుగు, చాలామంది ఒప్పుకుంటారు. షరతు ఏంటంటే అరగంట నుంచి గంటలోపు వాళ్ల చేతికి అందాలి, చల్లబడకూడదు. అంటే మారతహళ్లి నుంచి ఔటర్ రింగ్ రోడ్ మీద సోమవారం తొమ్మిదింటికి బయల్దేరి కోరమంగల చేరాలని కలలు కనకు, సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లోనే నీ కణాలు ఆయుష్షు తీరి పోతాయి. ఇంటికి రెండు మూడు కిలోమీటర్లలో ఉన్న ల్యాబ్ చూసుకో, శనివారమో ఆదివారమో పొద్దున్నే పెట్టుకో. వాళ్లిచ్చిన కప్పే వాడు, సొంత డబ్బా వద్దు, మామూలు కండోమ్‌లో అసలు వద్దు. నూనె, సబ్బు, జెల్లీ, ఉమ్ము ఏవీ తగలకూడదు, అవి కణాల కదలికని చెడగొడతాయి. మూత గట్టిగా పెట్టి చొక్కా లోపల ఒంటికి ఆనించి తీసుకెళ్లు. ఒకాయన నందిని పాల కవర్‌లో చుట్టి, ఫ్రిజ్‌లో పాల పక్కనే పెట్టి తెచ్చాడు, ఎంత శుభ్రమైన మనిషో, కానీ అందులో ఒక్కటి కదిలితే ఒట్టు. ఇంటి నుంచి కుదరకపోతే ఆ గదిలోకి భార్యని రానిచ్చే చోట్లు కూడా ఉన్నాయి, అడగడానికి మొహమాటపడకు. అక్కడి వాళ్లు రోజుకి ఎన్ని కప్పులు చూస్తారో, వాళ్లకి నీ మొహం గుర్తుండదు. నాకు ఒక్క మొహం గుర్తులేదు.

రిపోర్ట్‌లో తేడా ఉంటే నేరుగా ఐవీఎఫ్ ప్యాకేజీ చేతిలో పెట్టేవాళ్లుంటారు, సంతకం పెట్టేముందు యూరాలజిస్ట్‌కో, మగవాళ్ల సంతాన సమస్యలు చూసే ఆండ్రాలజిస్ట్‌కో చూపించుకో. ఆయన చేత్తో తడిమి చూస్తే తెలిసేవి ఉంటాయి, ఫోన్‌కీ మైక్రోస్కోప్‌కీ తెలియనివి. వేరికోసిల్ అని, ఎక్కువగా ఎడమ వైపు, వృషణం పైన రక్తనాళాలు ఉబ్బి వానపాముల సంచిలా తగులుతాయి. మామూలు మగవాళ్లలోనే నూటికి పదిహేను మందికి ఉంటుంది, పిల్లలు కలగనివాళ్లలో ఇంకా ఎక్కువ, అవసరమైనవాళ్లకి దానికి చికిత్స ఉంది. గట్టిగా గడ్డలాంటిది తగిలితే మాత్రం కౌంట్ సంగతి పక్కన పెట్టి వెంటనే వెళ్లు. ఇంకొకటి, కౌంట్‌కీ పడకగదిలో సమర్థతకీ సంబంధం లేదు. చిక్కగా ఉందా పలచగా ఉందా అని చూసి లెక్కకట్టేవన్నీ మన ఊళ్లో కల్లు పాక దగ్గర కబుర్లే.

ఇప్పుడు మీ ఆవిడ. తమ్ముడూ, ట్యూబ్ టెస్ట్ అంటే ఏం చేస్తారో తెలుసా నీకు? గర్భాశయం నోటిలోంచి గొట్టం పెట్టి, మందు ఎక్కించి ఎక్స్‌రేలు తీస్తారు. పొత్తికడుపు మెలితిప్పినట్టు ఉంటుందని చాలామంది చెప్తారు. నాలుగు నెలలుగా స్కాన్లంటే ఆఫీసుకి పర్మిషన్లు, లోపలికి పెట్టే ప్రోబ్, ప్రతిసారీ ఎగ్ సైజు ఎంత అని ఎదురుచూపు. నీ టెస్ట్‌కి ఒక కప్పు, పది నిమిషాలు, ల్యాబ్‌ని బట్టి వెయ్యి రూపాయలు అటూ ఇటూ. పిల్లలు కలగని జంటల్లో సుమారు సగం మందిలో మగవాడి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది, అందుకే మొదటి రోజే ఇద్దరికీ కలిపి రాయాలి. రాశారు కూడా. ఆ కాగితం ఐదు నెలలు నీ బ్యాగులో ఉంది.

చెప్పడం ఎలా అంటావా, పెద్ద ఉపోద్ఘాతం వద్దు. "టెస్ట్‌కి వెళ్లాలంటే భయమేసి దాటేశాను, ఇంట్లో దొంగచాటుగా ఒకటి చేసుకున్నాను, ఇదిగో ఇలా వచ్చింది, శనివారం ల్యాబ్‌కి వెళ్తున్నా, నాతో వస్తావా" అను. తను కోప్పడుతుంది. కోప్పడనీ. మధ్యలో అంకెలు చెప్పి సర్దిచెప్పకు, ముఖ్యంగా పదకొండు నార్మల్ అని మొదలుపెట్టావంటే, అయితే లోపం నాదేనా అనే తనకి వినపడుతుంది. ఒంగోలు నుంచి అమ్మ ఫోన్ చేసి కోడలి సంగతి అడిగితే "ఇద్దరం చూపించుకుంటున్నాం అమ్మా" అని ఒక్క ముక్క చెప్పు, నీ నోటితో, స్పీకర్ ఆన్‌లో ఉన్నప్పుడు. కౌంట్లూ శాతాలూ అమ్మకి అక్కర్లేదు.

ఆ, మర్చిపోయా, ఫోన్. ఆ వీడియోలు గ్యాలరీలోకి వచ్చాయేమో, అక్కడి నుంచి ఫ్యామిలీ ఆల్బమ్‌లోకి బ్యాకప్ అవుతున్నాయేమో చూడు, పండక్కి ఊళ్లో టీవీలో ఫొటోలు పెట్టినప్పుడు తెలిస్తే బాగుండదు. యాప్‌కి కాంటాక్ట్స్, లొకేషన్ పర్మిషన్లు ఎందుకు, తీసెయ్. వీడియో కావాలంటే డాక్టర్‌కి చూపించడానికి ఒకటి దాచుకో. కిట్‌లో ఇంకా స్లయిడ్లు మిగిలి ఉంటే ఉండనీ, కానీ శనివారం పొద్దున మాత్రం వాటి జోలికి వెళ్లకు. ఫోన్ ఏమంటుందో కూడా చూద్దామని ఆ కప్పులోంచి కొంచెం తీశావో, ల్యాబ్‌లో వాల్యూమ్ తక్కువ వస్తుంది, మళ్లీ మొదటికొస్తావు.